కొమ్ములు చూసి వయసు చెప్పొచ్చా?

పోయిన దసరా సెలవుల్లో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పెట్టింది మా బాబాయ్. ఆయన డెన్వర్‌లో ఉంటాడు. వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని ఎస్టెస్ పార్క్ అనే కొండల ఊరికి వెళ్ళాడట. వీడియోలో రోడ్డు పక్కన గడ్డి మీద గుర్రమంత జంతువు ఒకటి నిలబడి ఉంది. మెడ చుట్టూ ముదురు గోధుమ రంగు జూలు, ఒళ్ళంతా లేత రంగు, తల మీద రెండు ఎండు చెట్లు మొలిచినట్టు కొమ్ములు. అది మెడ చాచి, నోరు తెరిచి ఈల వేసినట్టు అరిచింది. అంత పెద్ద ఒంట్లోంచి అంత సన్నటి గొంతు రావడం చూసి మా చెల్లి పడీ పడీ నవ్వింది.

కింద బాబాయ్ మెసేజ్: "దీన్ని ఎల్క్ అంటారు. ఒక్కో కొమ్ముకి ఆరు కొనలు. రెండు కలిపి పన్నెండు. అంటే పన్నెండేళ్ళది అన్నమాట!"

పక్కనే మంచం మీద కూర్చున్న తాతయ్యకి ఫోన్ ఇచ్చాను. మాది ప్రకాశం జిల్లా. ట్రాక్టర్ వచ్చేదాకా తాతయ్య సేద్యమంతా ఎడ్లతోనే. ఆయన ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశాడు. చూసి, "బానే ఉంది గానీ, పళ్ళెన్ని వేసిందంట?" అని అడిగాడు.

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను. ఆ ప్రశ్న ఎంత సరైనదో నాకు అర్థం కావడానికి నెలన్నర పట్టింది, మధ్యలో మా మినీ ప్రాజెక్ట్ ఒకసారి మునిగింది కూడా. ఆ కథ చెప్పే ముందు అసలు కొమ్ముల సంగతి చూద్దాం.

రెండు రకాల కొమ్ములు

తెలుగులో మనం అన్నిటినీ కొమ్ములే అంటాం. ఆవుకీ కొమ్ములే, దుప్పికీ కొమ్ములే. కానీ రెండూ ఒకటి కాదు. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి. మామూలుగా మాట్లాడేటప్పుడు రెండింటినీ జింకే అనేస్తాం. నిజానికి ఈ రెండు జంతువుల తలల మీద ఉన్నవి వేరు వేరు వస్తువులు.

కృష్ణజింక కొమ్ము ఆవు, మేక కొమ్ముల లాంటిది. లోపల ఎముక, పైన మన గోళ్ళు తయారయ్యే పదార్థంతోనే తయారైన తొడుగు. ఒకసారి వచ్చాక చచ్చేదాకా ఉంటుంది, ఊడదు. చుక్కల దుప్పిది అలా కాదు. దాని కొమ్ము పూర్తిగా ఎముకే. ఊడిపోతుంది, మళ్ళీ కొత్తది మొలుస్తుంది. నల్లమలలో తిరిగే కణితిదీ ఇదే పద్ధతి. ఎల్క్ కూడా ఈ కణితి, దుప్పి కుటుంబమే. కొమ్ములు మగవాటికే ఉంటాయి.

ఈ తేడా వయసు లెక్కకి చాలా ముఖ్యం. ఎల్క్ తిరిగే రాకీ పర్వతాల్లోనే బిగ్‌హార్న్ అనే అడవి గొర్రె ఉంటుంది. దానివి ఊడని కొమ్ములు. ప్రతి చలికాలం ఆ కొమ్ము పెరుగుదల ఆగిపోతుంది, అక్కడ ఒక గాడి పడుతుంది. ఆ గాడులు లెక్కపెట్టి పొట్టేలు వయసు చెప్తారు. అంటే ఆ కొమ్ము ఏళ్ళ తరబడి ఒకే నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క. ఎల్క్ మాత్రం ఏటా నోట్‌బుక్ పారేసి కొత్తది కొంటుంది. పాత పేజీలు అందులో ఉండవు.

ఎల్క్ కొమ్ముకి ఒక ఏడాది

మార్చి, ఏప్రిల్ నెలల్లో కొమ్ములు రాలిపోతాయి. మగ హార్మోన్ తగ్గడం, పగటి పొద్దు పెరగడం దీనికి కారణం. రాలిన కొద్ది రోజులకే కొత్తవి మొదలవుతాయి. పెరిగేటప్పుడు పైన వెల్వెట్ లాంటి నూగు చర్మం, దాని నిండా రక్తనాళాలు. తాకితే వెచ్చగా ఉంటుందట. మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకి అంగుళం దాకా పెరుగుతుంది. ఆగస్టుకి ఎముక గట్టిపడుతుంది, పైచర్మం ఎండుతుంది, చెట్లకి రాసి రాసి దాన్ని వదిలించుకుంటుంది. సెప్టెంబర్‌కి ఆయుధం సిద్ధం. అది జతకట్టే కాలం. బాబాయ్ వీడియోలోని ఈల ఆ కాలందే.

బాగా ఎదిగిన మగ ఎల్క్ కొమ్ముల జత బరువు 13, 14 కిలోలు ఉంటుంది. నాలుగైదు నెలల్లో తల మీద అంత ఎముక మొలవాలి. అది పూర్తిగా తిండిలోంచి రాదు. శరీరం తన పక్కటెముకల్లోంచి కాల్షియం, ఫాస్ఫరస్ అప్పు తీసుకుని కొమ్ముకి పంపుతుంది, తర్వాత మేతతో ఆ అప్పు తీర్చుకుంటుంది.

అక్టోబర్‌కి పోట్లాటలు అయిపోతాయి కదా, మరి మార్చి దాకా అంత బరువు మోయడం ఎందుకు? ఎల్లోస్టోన్‌లో 1995 నుంచి తోడేళ్ళని తెచ్చి వదిలారు. అక్కడ పరిశోధకులు గమనించింది ఏంటంటే, గుంపులో ముందుగా కొమ్ములు రాల్చిన మగవాటిని తోడేళ్ళు ఎక్కువగా ఎంచుకుంటున్నాయి, అవి ఒంటి బలంలో మిగతావాటికంటే బాగున్నా సరే. ఆయుధం లేదని వాటికి తెలిసిపోతుంది.

రాలిన కొమ్ములు ఊరికే పోవు. వయోమింగ్‌లో జాక్సన్ అనే ఊరి పక్కన 1912లో పెట్టిన ఎల్క్ ఆశ్రయం ఉంది. అక్కడ రాలిన కొమ్ముల్ని స్కౌట్ పిల్లలు ఏరుకొచ్చి మే నెలలో వేలం వేస్తారు. ఆ ఊరి పార్కు నాలుగు మూలలా వేల కొమ్ములతో కట్టిన తోరణాలున్నాయి. అవన్నీ రాలినవే.

కొనలు లెక్కపెట్టడం

కొమ్ము మొదలు నుంచి పైకి పోయే లావుపాటి కాడ ఒకటి, దాన్నుంచి చీలిన కొనలు కొన్ని. మొదటివి ముఖం మీదుగా ముందుకి వంగి ఉంటాయి. నాలుగోది మామూలుగా అన్నిటికంటే పొడుగు. పడమటి అమెరికాలో ఒక వైపు కొనలే లెక్కేసి "ఆరు కొనల ఎల్క్" అంటారు. తూర్పు వైపు తెల్లతోక జింకల దగ్గర రెండు వైపులా కలిపి చెప్పే అలవాటు. మా బాబాయ్ పడమటి జంతువుకి తూర్పు లెక్క కట్టాడు. ఎలా కట్టినా అది కొనల సంఖ్యే, వయసు కాదు.

అయితే కొనలకీ వయసుకీ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. కొంతవరకు. ఎల్క్ పిల్లలు మే చివర, జూన్‌లో పుడతాయి. జనం కొమ్ములు చూసేది సెప్టెంబర్, అక్టోబర్‌లో. అందుకే వాటి వయసు ఎప్పుడూ అరతో చెప్తారు: ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర. స్థూలంగా లెక్క ఇలా ఉంటుంది:

పుట్టిన ఏడాది: కొమ్ములు లేవు.

ఏడాదిన్నర: చీలికలు లేని ఒంటి పుల్లలు రెండు. పది నుంచి ఇరవై అంగుళాల పొడుగు.

రెండున్నర: సన్నటి కాడలు, ఒక్కో వైపు నాలుగైదు కొనలు.

మూడున్నర: దాదాపు అవే కొనలు, కాడ కాస్త లావు.

నాలుగున్నర, ఆపైన: ఎక్కువ వాటికి ఆరు కొనలు. అక్కడినుంచి ఏటా పొడుగు, లావు పెరుగుతూ పోతాయి.

పదేళ్ళకి అటూ ఇటూ: అన్నిటికంటే బరువైన కొమ్ములు.

ఆ తర్వాత: మళ్ళీ తగ్గుముఖం.

ఇప్పుడు ఈ లిస్టుని మన కళ్ళతో చూడండి. మొదటి మెట్టు చాలా స్పష్టంగా ఉంది. పుల్లలుంటే దాదాపుగా ఏడాదిన్నరదే. కానీ ఆరు దగ్గర లెక్క ఆగిపోతుంది. కొన్ని ఏడు, ఎనిమిది కొనల దాకా వెళ్తాయి గానీ ఎక్కువ వాటికి ఆరే. అంటే అయిదేళ్ళదీ ఆరే, పదేళ్ళదీ ఆరే. మన అటెండెన్స్ లాంటిదన్నమాట. 75 దాటాక ఎంతున్నా హాల్ టికెట్ ఒకటే వస్తుంది. హాల్ టికెట్ చూసి ఎవరు ఎన్ని క్లాసులకి వచ్చారో చెప్పలేం.

పైగా గ్రాఫ్ ఎక్కి దిగుతుంది. బాగా ముసలిదైన ఎల్క్ కొమ్ము చిన్నదవుతుంది, దాన్ని కుర్రదని పొరబడే అవకాశం ఉంది. ఒకే విలువకి రెండు వయసులు. ఇలాంటి ఫంక్షన్‌ని వెనక్కి తిప్పడం కుదరదని మనకి ఫస్ట్ సెమ్‌లోనే చెప్పారు.

ఏడాది కథ, జీవిత కథ కాదు

కొమ్ము సైజుని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: వయసు, తిండి, పుట్టుక. ఇందులో వయసు ఒక్కటే మనకి కావలసింది. మిగతా రెండూ దాంట్లో కలిసిపోయి ఉంటాయి.

మంచు ఎక్కువ పడిన చలికాలం తర్వాత ఎల్క్ బక్కచిక్కి ఉంటుంది. వసంతంలో దొరికిన మేత ముందు ఒంటికి పోతుంది, మిగిలితే కొమ్ముకి. కాబట్టి ఆ ఏడు కొమ్ములు చిన్నవి. వర్షాలు బాగా పడి పచ్చిక బాగుంటే అదే జంతువుకి మరుసటి ఏడు పెద్దవి. మంచి మేత ఉన్న చోట పుట్టిన ఏడాదిన్నరది కూడా పుల్లల బదులు చిన్న చీలికలతో కనిపించొచ్చు. కొన్ని వంశాల్లో కొమ్ములు సహజంగానే పెద్దవి. దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయి. కొమ్ము మెత్తగా ఉన్నప్పుడు తగిలిన దెబ్బకి అది వంకర పోతుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, వెనక కాలికి గట్టి గాయమైతే ఎదురు వైపు కొమ్ము గిడసబారడం ఈ కుటుంబపు జంతువుల్లో చూశారు.

అందుకే నాకర్థమైనది ఇది: ఎల్క్ కొమ్ము ఆ జంతువు ఎన్నేళ్ళు బతికిందో చెప్పదు. పోయిన వసంతం అది ఎలా బతికిందో చెప్తుంది.

అనుభవం ఉన్నవాళ్ళు కొనలకంటే వేరేవి ఎక్కువ చూస్తారు. కాడ మొదట్లో ఎంత లావుంది? పుర్రె మీద కొమ్ము మొలిచే మొద్దు ఏటా కొంచెం కొంచెం పొట్టిగా, వెడల్పుగా అవుతుంది. అందుకే ముసలి వాటి కొమ్ములు తలలోంచి నేరుగా వచ్చినట్టు, కుర్రవాటివి పీట వేసి నిలబెట్టినట్టు కనిపిస్తాయి. తర్వాత ఒళ్ళు. కుర్రదానికి కాళ్ళు పొడుగ్గా, నడుం సన్నగా, ముఖం కోలగా ఉంటుంది. పెద్దదానికి ఛాతీ దిగి, పొట్ట జారి, నడుం కాస్త వంగి, మెడ లావెక్కి ఉంటుంది. ఇవన్నీ కలిపి చూసినా వాళ్ళు చెప్పేది "కుర్రది", "నడి వయసుది", "ముదురుది" అనే. "ఏడున్నర" అని ఎవరూ ఒట్టేసి చెప్పరు.

మా మినీ ప్రాజెక్ట్ మునిగిన విధం

నేను మాత్రం ఒట్టేసి చెప్పబోయాను. సెలవుల తర్వాత మినీ ప్రాజెక్ట్ టాపిక్ ఇవ్వాలి. బాబాయ్ వీడియో బుర్రలో తిరుగుతోంది. ఫోటో ఇస్తే ఎల్క్ వయసు చెప్పే మోడల్ చేద్దాం అని టీమ్‌లో మిగతా ఇద్దరినీ ఒప్పించాను. ఫోటోలు పోగేశాం. ప్రతి ఫోటోకి వయసు లేబుల్ ఇవ్వాలి కదా, పైన చెప్పిన లిస్టు పక్కన పెట్టుకుని మేమే ఇచ్చేశాం. హాస్టల్ గదిలో రెండు రాత్రులు, మూడు ప్యాకెట్ల చిప్స్. ఐదు కొనలా, మూడున్నర రాయి. ఆరు, లావుగా ఉందా, ఏడున్నర రాయి.

ట్రెయినింగ్ అయ్యాక యాక్యురసీ తొంభై దాటింది. ఎగిరి గంతేశాం. మొదటి రివ్యూకి స్లయిడ్స్ చేశాం, గ్రాఫ్ పెద్దదిగా పెట్టాం.

మేడమ్ గ్రాఫ్ చూడలేదు. "ఈ లేబుల్స్ ఎవరిచ్చారు?" అని అడిగారు. మేమే అన్నాను. "మీకెలా తెలుసు?" కొమ్ములు చూసి అన్నాను. "మోడల్ దేన్ని చూసి చెప్తోంది?" కొమ్ములు చూసే అన్నాను. అప్పటికి నాకే నోట మాట రాలేదు.

మేము కొమ్ములు చూసి ఊహించాం. మా ఊహని మోడల్ కొమ్ములు చూసి పట్టుకుంది. తొంభై శాతం దాటిందంటే మోడల్ మమ్మల్ని బాగా కాపీ కొట్టిందని అర్థం. ఎల్క్ వయసు సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఒక్క జంతువు నిజమైన వయసు కూడా మా దగ్గర లేదు.

అప్పుడు తాతయ్య ప్రశ్న గుర్తొచ్చింది. పళ్ళెన్ని?

పంటి లెక్క

నిజంగానే ఎల్క్ వయసు తేల్చేది పళ్ళతోనే. ఎల్క్‌కి కూడా మన ఎద్దులాగే పై దవడ ముందు భాగంలో కొరికే పళ్ళు లేవు, కింద వరసలో ఎనిమిది ఉంటాయి. మొదటి రెండు మూడేళ్ళలో పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చే వరస చూసి వయసు దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు. ఆ తర్వాత అరుగుదల చూస్తారు, కానీ అది మేతని బట్టి, నేలని బట్టి మారుతుంది.

అసలు లెక్క పంటి వేరులో ఉంది. వేరు చుట్టూ ఒక గట్టి పూత ఏటా పెరుగుతూ ఉంటుంది. మేత బాగున్న కాలంలో వెడల్పుగా, చలికాలంలో సన్నటి ముదురు గీతగా. చెట్టు మొద్దులో వలయాల్లాగే. అమెరికాలో చాలా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు వేటగాళ్ళని చనిపోయిన ఎల్క్ ముందు పన్ను ఒకటి పంపమంటాయి. ల్యాబ్‌లో దాన్ని యాసిడ్‌లో మెత్తబరిచి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద గీతలు లెక్కపెడతారు. కొన్ని నెలల తర్వాత వేటగాడికి కబురు వస్తుంది, నీ ఎల్క్ వయసు ఇంత అని. తొమ్మిదేళ్ళది కొట్టాననుకున్నవాడికి అయిదున్నర అని రావడం, చిన్నదనుకున్నది పదకొండున్నర అని తేలడం, రెండూ జరిగేవే.

చచ్చాక వయసు తెలిస్తే ఏం లాభం అని నాకూ అనిపించింది. లాభం బతికున్నవాటికి. ఒక అడవిలో మగవి ఏ వయసువి ఎన్ని మిగిలాయన్నది గుంపు మొత్తానికి ముఖ్యం. ఒరెగాన్‌లో స్టార్కీ అనే ప్రయోగ అడవిలో దీన్ని చూశారు. జతకట్టే మగవాటి వయసు ఏడాది నుంచి అయిదేళ్ళకి పెరిగే కొద్దీ ఆడవి ముందుగానే, దగ్గర దగ్గర రోజుల్లోనే చూలు కట్టాయి. అంటే పిల్లలు కూడా ముందుగా పుడతాయి, మంచు పడేలోపు ఎదగడానికి వాటికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. పెద్ద కొమ్ములున్న వాటన్నిటినీ వేటాడేసి కుర్రవాటినే మిగిల్చితే ఆ నష్టం మరుసటి చలికాలం పిల్లల మీద పడుతుంది.

అందుకే అక్కడ చట్టాలు. కొలరాడోలో చాలా ప్రాంతాల్లో మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక వైపు కనీసం నాలుగు కొనలుండాలి, లేదా ముఖం మీదికి వంగిన మొదటి కొన కనీసం 5 అంగుళాలుండాలి. తుపాకీ పట్టుకుని అడవిలో నిలబడినవాడికి పంటి వేరు కనిపించదు, కొమ్ము ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి చట్టం కొమ్మునే అడిగింది. కానీ దాన్ని ఒక్క ప్రశ్నే అడిగింది, ఇది ఏడాదిన్నరదా కాదా అని. కొమ్ము నమ్మకంగా జవాబు చెప్పగలిగే ప్రశ్న అదొక్కటే. యూటాలో పెద్ద మగవాటి వేటని పరిమితం చేసిన చోట్ల ఎన్ని పర్మిట్లు ఇవ్వాలన్నది తేల్చేటప్పుడు, వేటలో చనిపోయిన మగవాటి సగటు వయసు చూస్తారు. ఆ వయసు పళ్ళ నుంచే వస్తుంది.

తాతయ్యకి ఫోన్

రివ్యూ అయిన సాయంత్రం తాతయ్యకి ఫోన్ చేశాను. నువ్వు అడిగిందే కరెక్టు తాతయ్యా అన్నాను. ఆయనకి ఎల్క్ గుర్తులేదు. వివరంగా చెప్పాక, "ఓహో, ఆ ఈల వేసేదా" అన్నాడు.

అప్పుడు ఎడ్ల పళ్ళ గురించి మళ్ళీ అడిగాను. చిన్నప్పుడు ఆయన నన్ను బండలాగుడు పోటీలకి తీసుకెళ్ళేవాడు. అక్కడ మైకులో రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని పిలుస్తుంటే ఏదో టీమ్ పేర్లనుకునేవాణ్ణి. గిత్తలకి రెండు, రెండున్నరేళ్ళప్పుడు పాలపళ్ళు ఊడి మొదటి జత పళ్ళు వస్తాయి, తర్వాత ఒక్కో జత పెరుగుతూ అయిదేళ్ళ లోపు ఎనిమిదీ వచ్చేస్తాయి. పోటీకి ముందు నోరు తెరిచి చూసి ఏ విభాగమో తేలుస్తారు. అది అక్కడి బర్త్ సర్టిఫికెట్.

"మరి కొమ్ములు చూడరా?" అన్నాను.

కాసేపు ఆయన ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక సంగతి చెప్పాడు. నేనెప్పుడూ వినలేదు. నాన్న ఇంటర్ చదివేటప్పుడు తాతయ్య సంతలో ఒక జత కొన్నాడట. అప్పటికే పొద్దు వాలింది. కొమ్ములు నున్నగా చెక్కి, నూనె రాసి, రంగు వేసి, కుచ్చులు కట్టి ఉన్నాయి. అమ్మినవాడు తెలిసినవాడే. ఒకదాని నోరు తెరిచి చూశాడు, బాగుంది. రెండోదాని నోరు తెరవబోతే, "నా మీద నమ్మకం లేదా మావా?" అన్నాడట. ఆ మాటకి మొహమాటపడి వదిలేశాడు. ఇంటికొచ్చి పొద్దున్నే చూస్తే పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయి ఉన్నాయి. అది ఆ ఏడు దుక్కికే నిలబడలేకపోయింది. ఇంకో ఎద్దు కోసం అప్పు చేశాడు. నాన్న ఇంజనీరింగ్ ఆశ ఆ అప్పుతోనే పోయిందట. డిగ్రీలో చేరాడు.

"కొమ్ములు చెక్కితే కుర్రకొమ్ములేరా," అన్నాడు. "నోరు తెరవంది వయసు చెప్పగూడదు."

అప్పుడర్థమైంది, ఆ రోజు వీడియో చూసి ఆయన జోక్ చెయ్యలేదు.

కానీ నా ప్రాబ్లమ్ అలాగే ఉంది. ఎస్టెస్ పార్క్ పక్కనున్న నేషనల్ పార్కులో ఎల్క్‌కి కనీసం 75 అడుగుల దూరంలో ఉండాలని రూలు. నోరు తెరవడం కుదరదు, ఫోటోలో పళ్ళు రావు. అదే తాతయ్యతో అన్నాను. "దగ్గరికే పోనీయరు తాతయ్యా. పళ్ళెట్టా చూసేది?"

"అయితే వయసు చెప్పమాకండి," అన్నాడు. "దూడా, కోడా, ముదురా, అంతవరకు చెప్పి ఊరుకోండి. కళ్ళకి అంతే తెలిసేది."

మేము అదే చేశాం. లేబుల్స్ అన్నీ తీసేసి మూడే పెట్టాం: ఏడాదిది, కుర్రది, ముదురుది. రెండో రివ్యూలో మొదటి స్లయిడ్ మీదే రాశాం, ఈ మోడల్ వయసు చెప్పదు, కంటికి కనిపించే దశ మాత్రమే చెప్తుంది, దాన్ని సరిచూడటానికి మా దగ్గర పళ్ళ డేటా లేదు అని. యాక్యురసీ గ్రాఫ్ చివరికి జరిపాం. మార్కులు మరీ గొప్పగా రాలేదు. మేడమ్ మాత్రం "ఈసారి నిజం చెప్పారు" అన్నారు.

ఫ్యామిలీ గ్రూపులో కూడా పెద్ద మెసేజ్ పెట్టాను. బాబాయ్ ఎల్క్‌కి పన్నెండేళ్ళు అని చెప్పలేమని, ఆరు కొనలున్నాయి కాబట్టి నాలుగు దాటి ఉండొచ్చని, మెడ, పొట్ట చూస్తే ముదురుదనిపిస్తోందని. బాబాయ్ బొటనవేలు పెట్టాడు. చెల్లి ఆవలించే బొమ్మ పెట్టింది. నాన్న ఏమీ పెట్టలేదు గానీ, ఆ రాత్రి ఫోన్ చేసి ప్రాజెక్ట్ గురించి చాలాసేపు అడిగాడు.